ఊరు పెట్టిన తేదీకి వస్తేనే.. పెగడపల్లి!

పర్యాటకుల కోసం అచ్చేసిన పటాల్లో పెగడపల్లి పేరు వెతకడం దండగ. జగిత్యాల జిల్లాలో ఇదొక మండల కేంద్రం. చుట్టూ వరి పొలాలు, మామిడి తోటలు, చెరువు కట్టలు. అయినా గుట్ట ఎక్కాలన్నా, గోదావరిలో మునగాలన్నా, తెల్లవార్లూ ఆట చూడాలన్నా, సంచి నిండా కొనుక్కుపోవాలన్నా ఇక్కడికి వచ్చి దిగొచ్చు. కాకపోతే ఒక్క షరతు. తేదీ మీరు పెట్టుకుంటే కుదరదు, ఊరు పెట్టిన తేదీకి మీరు రావాలి. పండుగ, పంట, చెరువులో నీళ్లు.. ఈ మూడూ కలిసి ఇక్కడి సీజన్లను నిర్ణయిస్తాయి.

గుట్టలు, గోదావరి

కార్తీకం నుంచి మాఘం దాకా ఎండ దయతలిచే రోజులు. గుట్టలెక్కాలంటే అప్పుడే. మొదటి మజిలీ గంగాధర మండలం కురిక్యాలలోని బొమ్మలమ్మ గుట్ట. పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల కొలువులో ఉన్న కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు ఇక్కడి బండ మీద శాసనం వేయించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగం కంద పద్యాల్లో ఉంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు, మన పద్యం ఎంత పాతదో చెప్పడానికి పండితులు చూపిన ఆధారాల్లో ఇదొకటి. అక్షరాలకు పైన చక్రేశ్వరి, జైన తీర్థంకరుల బొమ్మలు బండలోనే చెక్కి ఉంటాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు వెళ్తే రాయి తప్ప ఏమీ కనబడదు. పొద్దు వాలుగా పడే వేళ వెళ్తే ఉలి గాట్లలో నీడ నిండి ఒక్కో గీతా తేటపడుతుంది.

మల్యాల మండలం ముత్యంపేట మీద ఉన్న కొండగట్టు సంగతి వేరు. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఆ రెండు సార్లూ కాషాయం తప్ప ఇంకో రంగు కనబడదు. దీక్ష తీసుకున్న స్వాములు ఎండలో కాలినడకన వస్తుంటే, దారి పొడవునా ఊళ్ల వాళ్లు మజ్జిగ, మంచినీళ్లు పట్టుకుని నిలబడతారు. జనాన్ని గాక కొండను చూడాలనుకుంటే మంగళ, శనివారాలు వదిలేసి రండి. చేతిలో కొబ్బరిచిప్ప ఉంటే మాత్రం ఏ వారమైనా కోతులు వదలవు.

గోదావరి ఒడ్డున రెండు మజిలీలు. ధర్మపురిలో నది దక్షిణానికి తిరుగుతుంది. నరసింహస్వామి గుడిలో యముడికీ చోటుంది. అందుకే ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదని సామెత. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఊరు ఇది. ఫాల్గుణ మాసపు జాతరలో స్వామి కోనేట్లో తెప్ప మీద తిరుగుతాడు. మెట్ల మీద చోటు కావాలంటే సాయంత్రమే వెళ్లి కూర్చోవాలి. వెల్గటూర్ వైపు పోతే పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల. 1979 నుంచి 1983 దాకా ఇక్కడ జరిపిన తవ్వకాలు తొలి శాతవాహనుల కాలాన్ని బయటపెట్టాయి. తొలి శాతవాహన రాజు ఛిముకుడి పేరున్న నాణేలు దొరకడంతో తెలంగాణ చరిత్రలో ఒక అధ్యాయాన్ని మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాక నీళ్లు వెనక్కి తన్ని ఇక్కడ గోదావరి సముద్రంలా పరుచుకుంది. చరిత్ర కోసం వచ్చినవాళ్లు కూడా ఆ నీళ్లను చూస్తూనే ఎక్కువసేపు గడిపి పోతారు.

జగిత్యాల ఖిల్లాకు పూట చాలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో కట్టిన కోట అది. చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు.

రాత్రయితే ఏముంది?

పట్నం నుంచి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో జవాబు మొదలవుతుంది. పొద్దున్నే మగపిల్లలు సంచులు పట్టుకుని గునుగు, తంగేడు తెంపుకొస్తారు. ఇంట్లో తాంబాళంలో గుమ్మడాకులు పరిచి తంగేడు పూలు చుట్టూ పేరుస్తారు. గునుగు పూలను కట్టలు కట్టి, కాడల కొసలు సమంగా కోసి, రంగునీళ్లలో ముంచి వరుస మీద వరుస పెడతారు. మధ్యలో ఆకు ముక్కలు కూరకపోతే ఎత్తు నిలవదు. శిఖరాన పసుపు గౌరమ్మ. చీకటి పడేసరికి వాడకట్టంతా గుడి ముందరికి చేరుతుంది. డీజేలు వచ్చినా చప్పట్లకు లయ తప్పలేదు. ఇక్కడ ప్రయాణికుడికి పనికొచ్చే చిట్కా ఒకటుంది. చాలా ఊళ్లలో సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజైతే, వేములవాడలో ఏడో రోజే. ఏడో నాటి రాత్రి అక్కడ ఆడి, తొమ్మిదో నాటికి ఇటు వస్తే మలీద ముద్దలు, సత్తుపిండి రెండుసార్లు దక్కుతాయి.

కోతలయ్యాక ఎండాకాలం రాత్రులు చిరుతల రామాయణానివి. పగలు ట్రాక్టరు నడిపే మనిషే రాత్రి రాముడు. చేతిలో కర్ర చిరుతలు, కాళ్లకు గజ్జెలు. గురువు దగ్గర నెలల తరబడి నేర్చుకున్న పాట, అడుగు. ఆఖరు నాడు పట్టాభిషేకం, చదివింపులు. బీరప్ప, మల్లన్న పట్నాలేసే ఇళ్లలో ఒగ్గుకథ డోలు తెల్లారేదాకా ఆగదు. టికెట్ ఉండదు, కుర్చీ ఉండదు. చాప మీద ఇంత జరిగి మీకు చోటిస్తారు.

అంతకు ముందు, పొద్దు గూకకముందే తాళ్లల్లోకి పోయే అలవాటు ఉన్నవాళ్లు పోతారు. గౌడన్న మోకు, ముత్తాదు వేసుకుని చెట్టెక్కి లొట్టి దించుతాడు. బొబ్బెర గుడాలు, కారం దట్టించిన సర్వపిండి నంజుకోవడానికి. చెట్టు మీంచి అప్పుడే దించిన కల్లు తీపిగా ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ పులుపెక్కుతుంది.

సంచి నింపే బజార్లు

బట్టలకు సిరిసిల్ల. సాంచెల చప్పుడు వాడల్లోకి వినిపించే పట్టణం. 2017 నుంచి కొన్నేళ్లు సర్కారు పంచిన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇక్కడి మరమగ్గాలకు పని పెట్టాయి. ఇక్కడ నేసేది ఎక్కువగా పాలిస్టర్. మగ్గం మీద చేత్తో నేసింది కావాలంటే ఆ మాట ముందే చెప్పి అడగాలి. అగ్గిపెట్టెలో పట్టే చీరను నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్ నేసింది ఈ ఊళ్లోనే. మోటు బట్ట ఇష్టపడేవాళ్లకు మెట్‌పల్లి ఖాదీ ఉంది. పసుపు కూడా అక్కడి మార్కెట్లోనే. వెండి తీగ పనికి కరీంనగర్ పోవాలి.

ఏప్రిల్, మేలో మాత్రం జగిత్యాల పక్కనున్న చల్‌గల్ మామిడి మార్కెట్ చూసి తీరాలి. బంగినపల్లి కాయల్ని ఏరి, పెట్టెల్లో సర్ది, ఢిల్లీ లారీలకు ఎక్కిస్తుంటారు. మాగబెట్టనివి తీసుకుని ఇంట్లో గడ్డిలో పెట్టుకుంటేనే రుచి. బియ్యం దుకాణంలో జగిత్యాల సన్నాలు అడగండి. పొలాస పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం అది.

అసలు ప్రయాణికులు

ఇంతకీ ఈ నేల మీద అందరికంటే ఎక్కువ తిరిగింది ఇక్కడివాళ్లే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోవడం నాలుగైదు దశాబ్దాల ముచ్చట. లోకమంతా ఫొటోలు దిగే దుబాయి మేడలకు ఇటుక మోసింది, అద్దాలు తుడిచింది వీళ్లు. వెలుగుల బజారు వెనకాల లేబర్ క్యాంపు ఎలా ఉంటుందో వీళ్లకు తెలుసు. ఏ రెండేళ్లకో సెలవు దొరికితే వాళ్లు అడిగేది బతుకమ్మకో, జాతరకో, చెల్లె పెళ్లికో అందేలా రోజులు. కంపెనీ ఇచ్చిన తేదీకీ ఊరు పెట్టిన తేదీకీ పొత్తు కుదిరిందా, అదృష్టం. కుదరలేదా, ఆ ఏటి పండుగ వీడియో కాల్‌లోనే.

ఆ తిప్పలు మీకు లేవు. పెద్దపల్లి–నిజామాబాద్ రైలు దారిలో లింగంపేట జగిత్యాల స్టేషన్ ఉంది. కరీంనగర్ నుంచి జగిత్యాలకు బస్సులకు కొదవ లేదు. పండుగ రోజుల్లో గదులు దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోండి. రాత్రి ఆట చూసి తిరిగొచ్చేందుకు సొంత బండి ఉండాలి. ఇవన్నీ తర్వాత. ముందు పంచాంగం తీసి, ఈ ఏడు భాద్రపద అమావాస్య ఎప్పుడో చూసుకోండి. టికెట్ ఆ తర్వాతే.