చట్టానికీ ఓ చిట్టా!

కంపెనీ అన్నాక జమాఖర్చుల చిట్టా తప్పదు. మరి ఆ కంపెనీ పాటించాల్సిన చట్టాల సంగతి? వాటికీ ఓ చిట్టా ఉంది. ఎస్‌ఏపీ లాంటి సంస్థలు తమ వ్యాపార సాఫ్ట్‌వేర్లలో అందుకోసం ప్రత్యేక విభాగాలే పెట్టాయి.

చట్టం ప్రతిని స్కాన్ చేసి అందులో పడేస్తే సరిపోదా అంటే... సరిపోదు. చట్టం పేజీలకు పేజీలు మాట్లాడుతుంది. కంప్యూటర్‌కు కావాల్సింది నాలుగు ముక్కలు: ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పట్లోగా, రుజువేంటి? ఉదాహరణకు 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలనే చూడండి. సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి. కంప్యూటర్ల లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఆదేశం ఒక్కటే అయినా చిట్టాలో ఇవి రెండు వరసలు. ఎందుకంటే గడువు వేరు, రుజువు వేరు. చాలాచోట్ల బాధ్యులూ వేరే.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఉద్యోగం మానేసినవారి లాగిన్‌ను వెంటనే తీసేయాలన్నది కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ అడుగుతుంది. అమెరికా సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం కింద ఆడిటర్లూ అడుగుతారు. పని ఒక్కటే, లెక్క చెప్పాల్సింది ఇద్దరికి. రెంటినీ ఒకే తనిఖీకి ముడిపెట్టకపోతే అదే పనిని రెండుసార్లు చేస్తూ కూర్చోవాల్సిందే!

ఎన్‌రాన్ కుప్పకూలాక 2002లో వచ్చిన ఆ చట్టం మన హైదరాబాద్‌ సత్యంకూ వర్తించేది. దాని షేర్లు న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో ఉండేవి మరి. అయినా 2009 జనవరిలో బండారం బయటపడింది. అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ లెక్క ప్రకారం దొంగ ఇన్‌వాయిస్‌లు ఆరు వేలకు పైనే. వాటిని 'సూపర్ యూజర్' లాగిన్‌తో ఎక్కించి, విభాగాధిపతులకు కనిపించకుండా చేశారట. చిట్టాలో పచ్చ టిక్కు ఉన్నంత మాత్రాన తాళంచెవి ఎవరి జేబులో ఉందో తెలియదు కదా!

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదవ్వాలి. ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. ఆ రోజు చాలా కంపెనీల చిట్టాల్లో ఓ కొత్త వరస చేరాల్సి వచ్చింది.

అలా నిబంధన మారితే పాత వరసను చెరిపేయకూడదు. ముగింపు తేదీ వేసి అలాగే ఉంచాలి. ఆడిటర్ వచ్చి, రెండేళ్ల కిందటి లావాదేవీ చూపించి, 'ఆ రోజున అమల్లో ఉన్న నిబంధన ఏది?' అని అడుగుతాడు.