మెనూ పట్టీ నిర్మాణం: జావా స్వింగ్‌లో తెలుగు శీర్షికలు

ఆదేశాలను వర్గాలుగా విభజించి ఒకే అడ్డవరుసలో చూపే పట్టీని మెనూ బార్ అంటారు. 1983 నాటి ఆపిల్ లిసా, 1984 నాటి మెకింతోష్ దీనిని తెర పై అంచున నిలిపాయి; విండోస్‌లో అది సాధారణంగా ఆయా విండోలోనే ఉంటుంది. ఈ భేదం అలంకారానికి సంబంధించినది కాదు. మౌస్ సూచిక తెర అంచును దాటిపోదు కనుక, అంచున ఉన్న మెనూను అందుకోవడం సులభం. లక్ష్యపు దూరం, పరిమాణం కదలికకు పట్టే కాలాన్ని నిర్ణయిస్తాయని 1954లో పాల్ ఫిట్స్ ప్రతిపాదించిన సూత్రం దీనిని వివరిస్తుంది.

జావా స్వింగ్‌లో ఈ పట్టీ మూడంచెలుగా ఉంటుంది. జెమెనూబార్‌లో జెమెనూలు, వాటిలో జెమెనూఐటమ్‌లు చేరుతాయి. పట్టీని సెట్‌జెమెనూబార్ పద్ధతి ద్వారా ఫ్రేమ్‌కు జతచేయాలి. విద్యార్థులకు ఇంతవరకు బోధించడం కష్టం కాదు. శీర్షికలను తెలుగులో రాసినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఆల్ట్ మీటతో పాటు ఒక అక్షరాన్ని నొక్కి మెనూను తెరిచే సదుపాయాన్ని నెమోనిక్ అంటారు. మౌస్ వాడలేని వారికి ఇది ముఖ్యమైన ఆధారం. సెట్‌నెమోనిక్ పద్ధతికి అక్షరాన్ని ఇచ్చే రూపం రోమన్ అక్షరాలకే ఉద్దేశించినది. శీర్షికలో ఆ అక్షరం ఉంటే దాని కింద గీత పడుతుంది. తెలుగు శీర్షికలో అది ఉండదు. మీట పనిచేస్తుంది గాని ఏ మీట నొక్కాలో తెలియదు. గీత స్థానాన్ని సంఖ్యతో సూచించే మార్గం ఉన్నా, ఆ సంఖ్య యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది, అక్షరాలను కాదు. ‘ప్రింట్’లోని ‘ప్రిం’ కంటికి ఒక అక్షరమే, యంత్రానికి అయిదు సంకేతాలు. జపనీయ, చైనీయ అనువర్తనాల్లో శీర్షిక చివర రోమన్ అక్షరాన్ని కుండలీకరణాల్లో చేర్చే ఆచారం ఉంది. చూపుకు అంత ఇంపుగా లేకపోయినా తెలుగుకూ అదే ఆచరణీయం.

నిడివి మరొక సమస్య. పట్టీలోని శీర్షికలు రెండవ వరుసకు దిగవు. విండో ఇరుకైతే కుడివైపు మెనూలు కనుమరుగవుతాయి. అందుచేత ‘మార్పులు చేర్పులు’ కంటె ‘సవరణ’ మేలు.