పారాణి పాదాల పాట్లు!

సినిమా పెళ్లి ఎంత హాయి! 'పెళ్లిపుస్తకం' (1991)లో ఒక్క పాటలో మూడు ముళ్లూ పడిపోతాయి. కలువాయిలో నా పెళ్లికి రాత్రంతా పట్టింది సుమండీ! నెల్లూరులో మోజుపడి కొన్న ఎత్తుమడమల చెప్పులు ఎదురుకోళ్లకే కరిచాయి. పీటల మీద కాళ్లు తిమ్మిరెక్కాయి. సన్నికల్లు మీద పాదం పెడితే, వాచిన వేలికి మెట్టె ఎక్కదే!

"ఏందమ్మే, ముందే చూసుకోబళ్లా?" అంటూ మేనత్త కొబ్బరినూనె పూసింది.

సప్తపదిలో కుంటుతుంటే మగపెళ్లివారిలో గుసగుస: "పిల్లకు కాలు అవిటా?" అమ్మ కళ్లలో నీళ్లు.

పెళ్లి కుదిరిన అమ్మాయిలూ! చెప్పులు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పదిరోజులు ఇంట్లో తొడుక్కుని తిరగండి. మెట్టెలు అతుకులేని చుట్లయితే వదులు చేసుకోవచ్చు.

మా వారికేం, పాత చెప్పులేసుకొచ్చారు!