సాహిత్య వ్యాసం: ప్రణాళిక, రచన

వ్యాసం అన్న మాటకు విస్తరించి చెప్పడమని అర్థం. ఉర్దూలో దీనినే మజ్మూన్ అంటారు. తెలుగున సామినేని ముద్దునరసింహం 'ప్రమేయాలు' అనే పేరుతోను, కందుకూరి వీరేశలింగం 'ఉపన్యాసాలు' అనే పేరుతోను ఈ ప్రక్రియను చేపట్టారు. ఉర్దూలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ప్రారంభించిన 'తహ్జీబుల్ అఖ్లాఖ్' పత్రిక దీనికి బాట వేసినది. పేరు ఏదైనా ముఖ్య లక్షణం ఒక్కటే: ఒక విషయాన్ని పరిశీలించి, దానిపై తాను చేరిన నిర్ణయాన్ని హేతుబద్ధంగా నిరూపించడం. సాహిత్య వ్యాసంలో ఆ విషయం ఒక కావ్యమో, నాటకమో, కథో అవుతుంది. నిరూపణకు ప్రధాన సాక్షి ఆ గ్రంథమే.

కాని మన విద్యార్థుల వ్యాసాలు ఈ విధంగా ఉండడం లేదు. ఒకసారి జాషువ 'గబ్బిలం' కావ్యంపై వ్యాసం వ్రాయవలసినదిగా తరగతిలో కోరాను. చాలమంది పత్రాలు ఒకే వాక్యంతో మొదలైనవి: కవి 1895లో వినుకొండలో జన్మించెను. ఆ తరువాత బిరుదులు, కృతుల పట్టిక, చివర కొన్ని ప్రశంసా వాక్యాలు. అన్నిటికీ మూలం ఒకే గైడు. అందులో అసత్యమేమీ లేదు, వ్యాసమూ లేదు.

ఒక్క పత్రం మాత్రం వేరుగా ఉన్నది. వ్రాసినవాడు ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి. తనకు తెలుగు రాదని నాతో పలుమార్లు అన్నవాడు. అక్షరదోషాలు అనేకం. కాని మొదటి పంక్తిలోనే అతడొక ప్రశ్న వేశాడు: హంస, చిలుక వంటి అందమైన పక్షులుండగా కవి గబ్బిలాన్నే ఎందుకు పంపాడు? వ్యాసానికి బీజం ఇటువంటి ప్రశ్నయే. దానినే ఉదాహరణగా తీసుకొని రచనా విధానాన్ని వివరిస్తాను.

మొదటిది, ప్రశ్నను అర్థం చేసుకోవడం. 'వివరింపుము' అన్నప్పుడు విషయాన్ని విశదం చేయాలి. 'పోల్చుము' అన్నప్పుడు సామ్యంతో పాటు భేదాన్ని కూడ చూపాలి. 'సమీక్షింపుము' అన్నప్పుడు గుణదోషాలను విచారించి నిర్ణయం చెప్పాలి. ఈ భేదం తెలియక వ్రాసినది ఎంత పెద్దదైనా వ్యర్థమే.

రెండవది, గ్రంథపఠనం. ఒకసారి కథ కోసం, మరొకసారి ప్రశ్న కోసం చదవాలి. రెండవసారి చదివేటప్పుడు ప్రశ్నకు సంబంధించిన ఘట్టాలను చీటీలపై వ్రాసుకోవాలి. 1941లో వెలువడిన 'గబ్బిలం'లో నాయకుడు నిరుపేద అయిన అస్పృశ్యుడు. తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో శివునికి తన మొర పంపుతాడు. ఆలయంలో వ్రేలాడే గబ్బిలానికి శివుని చెవి దగ్గరగా ఉంటుందని, పూజారి లేని సమయం చూసి విన్నవించమని చెబుతాడు. ఈ రెండు అంశాలు మన చీటీలలో తప్పక ఉండాలి.

మూడవది, ప్రతిపాదన. వ్యాసమంతా నిరూపించబోయేదానిని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఉర్దూలో దీనిని దావా అనవచ్చు; దానిని నిలబెట్టే ఆధారం దలీల్. కాళిదాసు 'మేఘదూతం'తో పోల్చి చూస్తే మన ప్రతిపాదన స్పష్టమవుతుంది. కుబేరుని శాపం వల్ల ఏడాది ప్రవాసానికి గురియైన యక్షుడు రామగిరి నుండి అలకాపురిలోని భార్యకు మేఘంతో సందేశం పంపుతాడు. యక్షునికి అడ్డు దూరం. జాషువ నాయకునికి అడ్డు ఆలయద్వారం. కనుక తాను అడుగు పెట్టలేని చోటికి నిరాటంకంగా పోగలిగిన ప్రాణినే అతడు దూతగా ఎన్నుకున్నాడు. ఇది మన దావా.

నాలుగవది, ప్రణాళిక, ఉర్దూలో ఖాకా. అంశాలను క్రమంగా అమర్చుకోవాలి: సందేశకావ్య సంప్రదాయం, ఇద్దరు నాయకుల స్థితిభేదం, గబ్బిలం ఎన్నికలోని ఔచిత్యం, అశుభమని జనులు తరిమే ప్రాణికీ, ఊరు వెలివేసిన మనిషికీ గల పోలిక. ప్రతి అంశం కింద దాని దలీల్ ఉన్నదా అని చూసుకోవాలి. దలీల్ లేని అంశం ఎంత మనోహరమైనదైనా విడిచిపెట్టాలి. దారం లేని పూలు దండ కానట్లే, ప్రతిపాదనతో ముడిపడని విషయాలు వ్యాసం కావు.

ఎదుటి వాదానికి కూడ చోటు ఉండాలి. దూత, మార్గవర్ణన, సందేశం అన్నీ సంప్రదాయం నుండి వచ్చినవే కనుక ఇది అనుకరణ మాత్రమేనని ఒకరు అనవచ్చు. దానిని దాచరాదు. చట్రం పాతదేనని అంగీకరించి, విరహానికి బదులు వివక్షను ఆ చట్రంలో నిలపడం వల్ల దాని ప్రయోజనమే మారినదని సమాధానం చెప్పాలి.

ఇక రచన. ముప్పావు గంట వ్యవధి ఉంటే పది నిమిషాలు ప్రణాళికకే కేటాయించండి. ఉపోద్ఘాతం క్లుప్తంగా ఉండి, ప్రశ్నను, ప్రతిపాదనను తెలపాలి. కవి జీవితంలో ప్రశ్నకు అవసరమైనంతే చెప్పాలి. ఒక్కొక్క పేరాలో ఒక్కొక్క అంశం ఉండాలి. కథను తిరిగి చెప్పడం విమర్శ కాదు. 'అద్భుతం', 'అమోఘం' అన్న మాటలు ఆధారాలు కావు. ముగింపులో చెప్పినదే మళ్ళీ చెప్పక, నిరూపణ వల్ల తేలినదేమో చెప్పాలి. చివర ఐదు నిమిషాలు అక్షరదోషాలు దిద్దుకోవడానికి ఉంచుకోవాలి.

ఆ విద్యార్థి పత్రంలోని దోషాలన్నీ ఎర్రసిరాతో దిద్దాను. అయినా తరగతిలో అందరికన్న ఎక్కువ మార్కులు అతనికే వేశాను. ఇతరులు ఆశ్చర్యపడ్డారు, అతడు మరింత ఆశ్చర్యపడ్డాడు. భాషాదోషాలు అభ్యాసం వల్ల తొలగుతాయి. కంఠస్థం చేసిన అభిప్రాయం ఎన్ని సంవత్సరాలు గడిచినా మనది కాదు. ఇంట ఏ భాష మాట్లాడినా, కావ్యాన్ని స్వయంగా చదివి ప్రశ్నించే అధికారం ప్రతి విద్యార్థికీ ఉన్నది. గైడు మూసి కావ్యాన్ని తెరవండి. మీకు కలిగిన మొదటి సందేహాన్ని కాగితంపై వ్రాయండి. వ్యాసం అక్కడే ఆరంభమవుతుంది.