అంచు దక్కనివ్వని ఎత్తు

‘సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ’ వీడియో గేమ్‌లో గెలుపోటములు చాలాసార్లు వేదిక అంచు దగ్గరే తేలతాయి. హాల్ లేబొరేటరీ తయారుచేయగా 2001లో నింటెండో గేమ్‌క్యూబ్‌పై విడుదలైన ఈ పోరాట ఆటలో దెబ్బలు తిన్నంత మాత్రాన పాత్ర చావదు. దెబ్బ తగిలినప్పుడల్లా దాని శాతం పెరుగుతుంది. శాతం పెరిగినకొద్దీ తర్వాతి దెబ్బకు అది మరింత దూరం ఎగిరిపడుతుంది. అలా ఎగిరిగానీ, కింద పడిగానీ తెర హద్దు దాటితే ఒక ప్రాణం పోతుంది. టోర్నమెంట్లలో సాధారణంగా ఒక్కొక్కరికి నాలుగు ప్రాణాలు ఉంటాయి.

వేదిక బయటకు ఎగిరిన పాత్ర గాలిలో మరో గెంతు గెంతి, తనకున్న ప్రత్యేక విద్యను ప్రయోగించి తిరిగి రావాలని చూస్తుంది. దీన్ని ఆటగాళ్లు రికవరీ అంటారు. ఆ రాకను అడ్డుకోవడం ఎడ్జ్‌గార్డింగ్. కూతకు వచ్చినవాణ్ణి నడిగీత తాకనివ్వకుండా ఆపే కబడ్డీ పట్టులాంటిదే ఇది. ఎదురెళ్లి కొట్టడం అందులో ఒక పద్ధతి. కొట్టకుండానే ప్రాణం తీసే ఎడ్జ్‌హాగింగ్ మరో పద్ధతి.

మెలీలో ఒక అంచును ఒకేసారి ఒక్క పాత్ర మాత్రమే పట్టుకుని వేలాడగలదు. ఎడ్జ్‌హాగింగ్‌కు ఆధారం ఈ ఒక్క నియమమే. పైకి లేపే ప్రత్యేక విద్యను వాడేశాక చాలా పాత్రలు నిస్సహాయంగా కిందికి జారతాయి. నేల తాకేవరకో, అంచు అందేవరకో మరేమీ చేయలేవు. ఆ క్షణానికి అంచును రక్షకుడు పట్టుకుని ఉంటే, వచ్చేవాడు పట్టు దొరక్క పాతాళానికి పోతాడు.

వేదిక మీద నిలబడ్డవాడు అంచుకు చేరడంలోనే అసలు నేర్పు ఉంది. పరుగెత్తి దూకితే ముఖం బయటివైపు ఉంటుంది కాబట్టి అంచు అందదు. అందుకే నిపుణులు వేదిక లోపలివైపు తిరిగి నిలబడి, వెనక్కి వేవ్‌డాష్ చేస్తారు. గెంతిన మరుక్షణమే గాలిలో తప్పించుకునే కదలికను ఏటవాలుగా నేలవైపు నొక్కితే, పాత్ర నిలబడిన భంగిమలోనే నేలమీద జారుతుంది. ఆ జారుడులో పాత్ర వీపువైపుగా అంచు దాటి, కిందికి దిగుతూ పట్టు అందుకుంటుంది. పాత్రల్లో లుయీజీ చాలా దూరం జారగలడు. పీచ్ జారేది కొద్దిపాటి దూరమే. కాబట్టి ఎక్కడ నిలబడి మొదలుపెట్టాలన్నది పాత్రను బట్టి మారుతుంది.

తర్వాతిది కాలం లెక్క. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది. అంచు పట్టుకున్న పాత్రకు అర సెకనుకు కాస్త మించి ఏ దెబ్బా తగలదు. మరీ ముందుగా పట్టుకుంటే ఆ రక్షణ కరిగిపోయి, వచ్చేవాడి దాడికే పట్టు ఊడుతుంది. ఆలస్యమైతే అంచు వాడిదే. రక్షణ సమయం చాలదనిపిస్తే రక్షకుడు అంచు నుంచి వేదిక మీదికి దొర్లుతాడు. ఆ దొర్లుడు మొదట్లో కొంతసేపు అంచు ఖాళీ అయినట్టు ఆట లెక్కించదు, రక్షణా కొనసాగుతుంది. శాతం 100 చేరాక ఈ దొర్లుడు నెమ్మదిస్తుంది.

వచ్చేవాడికీ దారులు లేకపోలేదు. పాత్రల్లో ఒకడైన ఫాక్స్ తన ప్రత్యేక విద్య అయిన నిప్పుల దూకుడుకు ముందు కాసేపు గాలిలో ఆగి, దిశను ఎంచుకుంటాడు. అంచు మూసుకుపోయిందని గ్రహిస్తే నేరుగా వేదిక మీదికే గురిపెడతాడు. అయితే దిగాక తేరుకోవడానికి కొంత సమయం పడుతుంది. రక్షకుడు అంచు వదిలి, గాలిలో గెంతి పైకి వచ్చి కొట్టడానికి ఆ వ్యవధి చాలు. అంచుకు పోతే పట్టు లేదు, పైకి పోతే దెబ్బ తప్పదు: ఈ ఇరకాటమే ఎడ్జ్‌హాగింగ్ బలం.

ఇదే శ్రేణిలో 2008 నాటి ‘బ్రాల్’లోనూ ఈ ఎత్తు చెల్లింది. 2014లో వచ్చిన నాలుగో తరం ఆటలో నియమం తిరగబడింది. అందులో వెనక వచ్చినవాడు అంచు పట్టుకుంటే ముందున్నవాడి పట్టే ఊడిపోతుంది. దాన్ని లెడ్జ్ ట్రంప్ అన్నారు. పట్టు తప్పి తూలినవాణ్ణి తేరుకోకముందే కొట్టడం కొత్త విద్య అయింది. 2018లో వచ్చిన ‘అల్టిమేట్’లోనూ ఇదే నియమం కొనసాగింది. ఈ రెండింటిలో అంచు పట్టుకునే వేళ రక్షణ లేని రెండు ఫ్రేములు ఉంటాయి. ఆ సందులో దెబ్బ వేయడాన్ని టూ ఫ్రేమింగ్ అంటారు. అంచును ఆక్రమించి ప్రాణం తీసే పాత పద్ధతి మాత్రం మెలీ పోటీల్లో ఇప్పటికీ ప్రధాన ఆయుధమే.