రెక్కల మీద మన పేరు

విజయవాడ ఆటోనగర్‌లో కొన్నాళ్లు పనిచేసిన కుర్రాడెవరికైనా ఒక విద్య పట్టుబడుతుంది. బండి ముందుభాగం ఊడిపోయినా, రంగు వెలిసిపోయినా, చక్రాలు లేకుండా దిమ్మెల మీద నిలబెట్టినా... అది ఏ కంపెనీ లారీయో, ఏ కాలం నాటి మోడలో చెప్పేస్తాడు. రేడియేటరు ఎక్కడుంది, సైలెన్సర్ ఎటు తిరిగింది, రెండు చక్రాల మధ్య ఎంత ఎడముంది... ఇవి చూస్తే చాలు. పేరు రాసి ఉండక్కర్లేదు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఛాసిస్ నంబరు ఉండనే ఉంది!

సరిగ్గా ఇదే విద్య ఎనభై ఏళ్ల కిందటి యుద్ధ విమానాల ఫొటోలకూ పనికొస్తుంది. పాత ట్రంకు పెట్టె అడుగునో, నల్ల అట్టల ఆల్బంలోనో అలాంటి ఫొటో ఒకటి దొరుకుతుంది. ఖాకీ నిక్కరు వేసుకున్న యువకుడు విమానం రెక్క పక్కన నిలబడి ఉంటాడు. వెనకాల ఊరు లేదు, తేదీ లేదు. ఇంట్లోవాళ్లంతా ‘తాతయ్య యుద్ధంలో పనిచేశార్ట’ అనుకుని మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. ఆ విమానం ఏదో తేలితే ఆయన ఏ దళంలో ఉన్నారో, ఏ దేశంలో, ఏ సంవత్సరంలో ఉన్నారో ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. తప్పు పేరు పెట్టామా... ఆయన ఎన్నడూ చూడని యుద్ధానికి ఆయన్ని పంపినట్లే!

గుమ్మం దాకా వచ్చిన యుద్ధం

యుద్ధ విమానాలకూ కృష్ణా డెల్టాకూ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ‘ర్యూజో’ నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. నాటి జపాన్ బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో కనిపిస్తుంది. కోస్తా పట్టణాల్లో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టిన రోజులవి. ఇప్పుడు మనం విమానం ఎక్కుతున్న గన్నవరం కూడా ఆ యుద్ధకాలంలో సైనిక స్థావరమే.

మరో సంగతీ గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానం మీద పోలీసు చర్య మొదలైనప్పుడు తూర్పు నుంచి కదిలిన సేన బయల్దేరింది విజయవాడ నుంచే. ఆ అయిదు రోజుల్లో భారత వైమానిక దళం టెంపెస్ట్ విమానాలను వాడింది. కాబట్టి ఈ ప్రాంతంలో దొరికిన ఫొటోను చూడగానే ‘రెండో ప్రపంచ యుద్ధం’ అని రాసేయడానికి లేదు. ముందు అది ఏ కాలానిదో తేల్చాలి.

వీపు చూడు... రెక్క చూడు

ఆ రోజుల్లో ఎక్కువగా పొరబడేది రెండు విమానాల దగ్గర. ఒకటి హరికేన్, రెండోది స్పిట్‌ఫైర్. రెండూ బ్రిటన్‌వే. రెండింటికీ మొదట్లో ఉన్నది రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజనే. ముక్కు మాత్రమే కనిపించే ఫొటో అయితే బాగా తెలిసినవారు కూడా తడబడతారు.

హరికేన్‌ది గూని వీపు. పైలట్ కూర్చునే చోటు ఎత్తుగా ఉండి అక్కడి నుంచి తోక వైపు జారుతుంది. దాని వెనక భాగానికి రేకు కాదు, గుడ్డ తొడుగుతారు. ఆ గుడ్డ కింది కర్రబద్దల గీతలు మంచి ఫొటోలో పక్కటెముకల్లా కనిపిస్తాయి. రెక్క మందం. రేడియేటరు సరిగ్గా పొట్ట కింద, మధ్యలో ఉంటుంది. చక్రాలు ఒకదానికొకటి బాగా ఎడంగా ఉండి, లోపలి వైపు ముడుచుకుంటాయి.

స్పిట్‌ఫైర్ సన్నగా ఉంటుంది. రెక్కలు కోడిగుడ్డు వంపు తిరిగి ఉంటాయి. ఒళ్లంతా రేకే కాబట్టి నునుపు. చక్రాల మధ్య ఎడం తక్కువ, అవి బయటి వైపు ముడుచుకుంటాయి. మొదటి మోడళ్లలో పెద్ద రేడియేటరు కుడి రెక్క కింద ఒక్కటే ఉంటుంది, ఎడమ రెక్క కింద చిన్న ఆయిల్ కూలర్. అందుకే కింది నుంచి తీసిన ఫొటోలో పెద్ద పెట్టె ఎడమ రెక్క కింద కనిపిస్తే నెగెటివ్‌ను తిరగేసి అచ్చువేశారేమోనని అనుమానించాలి. తర్వాతి మోడళ్లలో రెండు రెక్కల కిందా సమానమైన రేడియేటర్లు వచ్చాయి. ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలుండి, రేడియేటర్లు రెండు వైపులా సమంగా ఉంటే అది 1940 నాటి ఫొటో కానే కాదు. అయిదు రెక్కలుంటే ఇంజన్ మెర్లిన్ కాదు, గ్రిఫన్. అంటే యుద్ధం చివరి రోజుల వైపు వెళ్లాలి.

ముక్కు గుండ్రంగా, డ్రమ్ములా ఉంటే ఈ రెండూ కావు. అప్పుడు థండర్‌బోల్ట్, టెంపెస్ట్ లాంటివి పరిశీలించాలి. జపాన్ విమానాల విషయంలో పొరపాటు ఇంకా ఎక్కువ. బర్మా ఆకాశంలో కనిపించిన ప్రతి జపాన్ ఫైటర్‌నూ అప్పటి సైనికులు ‘జీరో’ అనేవారు. నిజానికి అక్కడ ఎక్కువగా తిరిగింది జపాన్ సైన్యానికి చెందిన హయబుసా. జీరోకి రెక్కల్లో ఫిరంగులుంటాయి. హయబుసాకి రెక్కల్లో ఏమీ ఉండవు, ఉన్న రెండు తుపాకులూ ముక్కు మీదే.

రంగులు చెప్పే అబద్ధాలు

విమానం పక్కన, రెక్కల మీద కనిపించే గుండ్రటి గుర్తు కాలాన్ని పట్టిస్తుంది. బ్రిటిష్ గుర్తులో నడుమ ఎర్రచుక్క ఉండేది. జపాన్‌ది కూడా ఎర్రటి సూర్యబింబమే. తొందరలో సొంతవాళ్లే కాల్చేసే ప్రమాదం ఉందని భారత్, బర్మా రంగంలో ఆ ఎరుపును తీసేశారు. ముదురు నీలం వలయంలో లేత నీలం లేదా తెల్ల చుక్క మిగిలింది. ఫొటోలోని గుర్తులో నడుమ లేతగా ఉంటే అది బర్మా వైపు తీసిందని ఊహించవచ్చు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అశోకచక్రం, ఆ తర్వాత మూడు రంగుల వలయాలు వచ్చాయి. 1948 నాటి ఫొటో ఇక్కడే దొరికిపోతుంది.

అయితే ఒక చిక్కుంది. నలుపు తెలుపు ఫొటోలో రంగులు మోసం చేస్తాయి. ఆనాడు వాడిన ఫిల్ముల్లో ఒక రకానికి ఎరుపు కనిపించదు. ఎర్రచుక్క కాటుక బొట్టులా నల్లగా పడుతుంది, నీలం తెల్లబోతుంది, పసుపు కూడా ముదురుగా వస్తుంది. మరో రకం ఫిల్ములో ఎరుపు కాస్త తేలికపడుతుంది. కాబట్టి రంగును ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు. ఆకారం చెప్పిందీ, గుర్తు చెప్పిందీ కలిస్తేనే లెక్క.

హైదరాబాద్, మద్రాసు... ఆకాశంలో!

ఇక ఛాసిస్ నంబరు సంగతి. ప్రతి బ్రిటిష్ విమానానికీ తోక దగ్గర చిన్న అక్షరాల్లో ఒక సీరియల్ నంబరు ఉంటుంది. ఒక అక్షరం, నాలుగు అంకెలు లేదా రెండు అక్షరాలు, మూడు అంకెలు. రంగు మార్చినా, దళం మారినా అది మారదు. పక్కభాగంలో పెద్దగా రాసిన రెండు అక్షరాలు మాత్రం దళానివి, మూడోది ఆ దళంలో ఆ విమానానిది.

ఈ అక్షరాల దగ్గరే తెలుగువాళ్లు ఆగి చూడాల్సింది ఉంది. 1940 నాటి ఇంగ్లండ్ ఫొటోలో స్పిట్‌ఫైర్ మీద ‘యు.ఎం.’ అని ఉంటే అది 152వ స్క్వాడ్రన్. దాని అధికారిక పేరులో ‘హైదరాబాద్’ ఉంది! ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తు అది. ఆ దళం చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాపాడిన ఆ దళమే తర్వాత బర్మాకొచ్చింది. అప్పుడు దాని స్పిట్‌ఫైర్ల పక్కభాగంలో దూకుతున్న నల్ల చిరుత బొమ్మ కనిపిస్తుంది. హరికేన్ మీద ‘ఎస్.డబ్ల్యు.’ ఉంటే 253వ స్క్వాడ్రన్. దాని పేరు ‘హైదరాబాద్ స్టేట్’.

మరి కోస్తా సంగతి? అప్పట్లో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ ప్రెసిడెన్సీ పేరుతో మూడు స్క్వాడ్రన్లున్నాయి. ‘ఎన్.వి.’ అక్షరాల 79వ దళం హరికేన్లు నడిపింది, 1942లో భారత్ వచ్చి బర్మా పోరులో దిగింది. ‘ఏ.జెడ్.’ అక్షరాల 234వ దళానివి స్పిట్‌ఫైర్లు. ‘పి.ఎస్.’ అక్షరాల 264వ దళానివి డిఫయంట్లు.

ఇక్కడా జాగ్రత్త అవసరం. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే చాలా దళాల అక్షరాలు మార్చేశారు. అవే అక్షరాలు వేరే కాలంలో వేరే దళానివి కావచ్చు. పైగా యుద్ధకాలపు సెన్సారు అధికారులు కొన్ని ఫొటోల్లో అక్షరాలను చెరిపేశారు. సీరియల్ నంబరు దొరికితే మాత్రం దారి తెరుచుకున్నట్లే. బ్రిటన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలున్నాయి. ఏ రోజు ఏ విమానం లేచింది, ఎవరు నడిపారు అన్నది చాలావరకు అందులో దొరుకుతుంది.

స్పిట్‌ఫైర్ ఇచ్చి తెచ్చుకున్నారు

గుర్తింపు ఎంత విలువైనదో చెప్పే కథ ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో ఇదే నిజాం విరాళంతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. వాటిలో ఎఫ్ 1010 నంబరు విమానం 1918 అక్టోబరు 5న బాంబు దాడికి వెళ్లి తిరిగి రాలేదు, జర్మన్లకు చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బాంబుల భయంతో తూర్పుకు తరలించగా పోలండ్‌లో తేలింది. అదేమిటో తెలిసిన లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఊరుకోలేదు. 1977లో క్రాకోవ్ మ్యూజియానికి ఏకంగా ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దీన్ని తెచ్చుకుంది! రెక్కలు కొత్తగా కట్టించి నిలబెట్టింది. అది హైదరాబాద్ నిజాం బహూకరించిందన్న రాత దాని మీద ఈనాటికీ చదవవచ్చు.

పైలట్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో చేరి హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నడిపారు, 1978లో దళాధిపతి అయ్యారు. ఆయన కథ అందరికీ తెలుసు. మరి రాత్రంతా కూర్చుని ఆ ఇంజన్లు విప్పి బిగించినవాళ్లు? తుపాకుల్లో తూటాలు నింపినవాళ్లు? దినచర్య పుస్తకాల్లో వాళ్ల పేర్లు చాలా అరుదు. వాళ్లు అక్కడున్నారనడానికి చాలాసార్లు మిగిలిన సాక్ష్యం ఆ ఒక్క ఫొటోనే.

అందుకే అలాంటిది మీ ఇంట్లో ఉంటే నాలుగు పనులు చేయండి. ఆల్బం నుంచి బలవంతంగా పీకకండి. అంచులు కత్తిరించకండి, తోక దగ్గరి నంబరు తరచూ అంచునే ఉంటుంది. ముందువైపుతో పాటు వెనకవైపు కూడా పెద్ద సైజులో స్కాన్ చేయించండి, స్టూడియో ముద్ర ఉన్నా ఆధారమే. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, అందులో ఉన్నవారి పేరు ఒక కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి. విమానం పేరు ఇరవై ఏళ్ల తర్వాతైనా ఎవరో ఒకరు కనిపెడతారు. పక్కన నిలబడిన మనిషి పేరు చెప్పగలిగేది మాత్రం ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క పెద్దాయనో, పెద్దావిడో!