నిలువ నీడ

కూడు, గుడ్డ, గూడు అని పెద్దలు మనిషి అవసరాలను మూడు మాటలలో చెప్పినారు. వీటిలో మొదటి రెండూ లేనివారిని చూస్తే లోకానికి తొందరగానే జాలి కలుగుతుంది. ఆకలిగొన్నవానికి పట్టెడన్నం పెట్టేవారు, చలికి వణికేవానికి పాత దుప్పటి ఇచ్చేవారు ఈనాటికీ ఉన్నారు. గూడు లేనివాని విషయంలో మాత్రం పట్టణానికి జాలి కంటె ముందు చిరాకు పుడుతుంది. అతడు నడిచే దారికి అడ్డం, దుకాణం ముందు అపశకునం, దొరలు వచ్చిననాడు ఊరికి తలవంపు. అతనికి ఇల్లు లేకపోవడం ఒక సమస్య. అతడు నలుగురి కంటా పడడం మరొక సమస్య. పట్టణాలు తరచుగా రెండవ దానికి మందు వేసి, మొదటిది నయమైనదని నమ్ముతున్నవి.

ఇల్లు లేనివాడు పట్టణంలో మొలకెత్తడు. ఏదో ఒక ఊరి నుండి వస్తాడు. ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవులకూ నడుమ ఉన్న కారేపల్లిని చూడండి. అది చిన్న రైలు జంక్షను, సింగరేణి మండలానికి కేంద్రం. డోర్నకల్లు వద్ద పెద్ద లైను నుండి విడివడిన దారి ఇక్కడ మరల చీలి ఒకటి ఇల్లెందుకు, ఒకటి కొత్తగూడెం వైపునకు సాగినది. ఇల్లెందులో 1889లో బొగ్గు త్రవ్వకం మొదలైనది. బొగ్గును తరలించడానికి వేసిన పట్టాలు క్రమంగా మనుషులను కూడా తరలించినవి. చుట్టుపట్ల సేద్యం చాలా మట్టుకు వానదేవుని దయ మీద ఆధారపడినది. పత్తి గాని మిరప గాని దెబ్బతిన్న ఏడు పొట్ట చేతబట్టుకొని రైలెక్కేవారికి ఒకవైపు విజయవాడ, ఒకవైపు సికింద్రాబాదు గమ్యాలు.

ఈ ప్రాంతం నేర్పే పాఠం మరొకటి ఉన్నది. బొగ్గు గనులలో పనికి దూరదేశాల నుండి వేలాదిమంది వచ్చినారు. గనుల యాజమాన్యం వారికి వరుసలు వరుసలుగా క్వార్టర్లు కట్టించినది. అవి అందరికీ చాలకపోవచ్చు, ఇరుకైనవి కావచ్చు. కాని పనికి పిలిచినవాడు నీడ కూడా చూపవలెనన్న ధర్మం ఒకటి అక్కడ స్థిరపడినది. మహానగరం ఆ ధర్మాన్ని అంగీకరించలేదు. అది కూలివానిని మేడ కట్టడానికి పిలుస్తుంది, మూటలు మోయడానికి పిలుస్తుంది, పెళ్లివారి ఎంగిలి గిన్నెలు తోమడానికి పిలుస్తుంది. పొద్దుగూకిన తరువాత నీవెక్కడ పడుకొంటావని మాత్రం అడగదు.

జనాభా లెక్కలవారు ఈ ప్రశ్న అడిగినారు. 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి వారు రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, సిమెంటు గొట్టాలలో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, గుడి మండపాలలో, రైలు ప్లాట్‌ఫారాల మీద పడుకొన్నవారిని వెదకి లెక్కించినారు. దేశం మొత్తం మీద ఇట్టివారు 17 లక్షల 73 వేలమంది తేలినారు. అందులో 9 లక్షల 38 వేలమంది పట్టణవాసులు. 2001 లెక్కలలో పట్టణాల సంఖ్య 7 లక్షల 78 వేలు మాత్రమే. పదేండ్లలో పల్లెలలో నిరాశ్రయులు తగ్గినారు, పట్టణాలలో పెరిగినారు. ఒక్క రాత్రిలో, చీకటిలో, కదలిపోయేవారిని లెక్కించిన లెక్క ఇది. తప్పిపోయినవారు ఉండక మానరు.

వీరందరూ బిచ్చగాండ్రని తలచడం పొరపాటు. హమాలీలు, అడ్డా కూలీలు, రిక్షా తొక్కేవారు, చిత్తుకాగితాలు ఏరేవారు, హోటళ్లలో పనివారు వీరిలో ఉన్నారు. ఇంటి నుండి గెంటబడిన ముసలివారు, మతి చలించినవారు, భర్త విడిచిన స్త్రీలు, పారిపోయి వచ్చిన పిల్లలు ఉన్నారు. పెద్దాసుపత్రికి రోగిని తెచ్చి, రోగికి మంచం దొరికితే తాము గేటు బయట చాప పరచుకొన్న బంధువులు ఉన్నారు. బిచ్చమెత్తేవారూ ఉన్నారు.

వారు ఊరి నడిబొడ్డుననే ఎందుకుంటారని అడిగేవారు ఉన్నారు. కూలి అడ్డా తెల్లవారుజామున ఊరి మధ్యనే కూడుతుంది. రైలుస్టేషను, బస్టాండు, బజారు, ఆసుపత్రి, గుడి, దర్గా అన్నీ అక్కడనే ఉన్నవి. అన్నదానం అక్కడ జరుగుతుంది. రాత్రి దీపాలు వెలుగుతవి కావున ఆడువారికి కొంత ధైర్యం. ఇరువది మైళ్ల అవతల చవుకగా గది దొరికినా, అక్కడి నుండి అడ్డాకు వచ్చే బస్సు ఛార్జి దినకూలిలో పెద్ద ముక్కను కొరుకుతుంది. అతడు ఫుట్‌పాత్‌ను ఎన్నుకొనడం సోమరితనం వలన కాదు, లెక్క తెలిసినందువలన.

పూర్వం మన ఊళ్లలో ఇండ్లకు అరుగులుండేవి. అరుగు ఇంటివారిదే అయినా, రాత్రి దానిమీద మేను వాల్చిన బాటసారిని లేపి పొమ్మనడం మర్యాద కాదు. అరుగు తరువాత చావడి, చావడి తరువాత సత్రం. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు వ్యుత్పత్తి చెప్పినారు. అనగా ముందు తెలుపకుండా గడప ముందు నిలిచినవానికి కూడా భాషలో ఒక గౌరవస్థానం ఉన్నది. అందరికీ ఆ గౌరవం దక్కినదని చెప్పలేము. కులం అడిగి అరుగు చూపిన ఊళ్లు, కొందరిని ఊరి పొలిమేరలోనే నిలిపిన ఊళ్లు మన చరిత్రలో తక్కువ కావు. అయినా దారిన పోయేవానికి నీడ చూపడం ఊరి బాధ్యత అన్న భావం మాత్రం ఉండినది.

హైదరాబాదు కూడా ఒకప్పుడు ఈ బాధ్యత ఎరిగినదే. రైలు దిగినవారు తలదాచుకొనడానికి నాంపల్లి స్టేషను ఎదుట 1919లో సరాయి కట్టించినారు. అంతకు ముందు 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద వేలాదిమందిని పొట్టన పెట్టుకొని, అంతకంటె ఎక్కువమందిని నిరాశ్రయులను చేసినది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు వాడలను తొలగించడంతో పాటు పేదలకు కొత్త ఇండ్లు కట్టించడం కూడా తన పనిగా పెట్టుకొన్నది. తొలగింపు, నిర్మాణం అన్న రెండు మాటలు ఆనాడు ఒకే కార్యక్రమంలో ఉండినవి.

తరువాతి కాలంలో మొదటి మాట మిగిలి రెండవది జారిపోయినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1977లో యాచక నిరోధక చట్టం చేసినది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయన పోయే దారులలో బిచ్చగాండ్రను తొలగించినారు. 2017 నవంబరు చివరిలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినది. అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంప్ వచ్చినది. దానికి ముందే నగర పోలీసు కమిషనరు వీథులలో యాచనను రెండు నెలలపాటు, 2018 జనవరి 7 వరకు, నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చినాడు. పట్టుకొన్నవారిని రెండు జైళ్ల ఆవరణలలో ఏర్పాటు చేసిన ఆశ్రయాలకు తరలించినారు. మరల యాచించమని సంతకం చేసినవారిని విడిచిపెట్టినారు. బిచ్చగాని జాడ చెప్పినవారికి జైళ్ల శాఖ 500 రూపాయల బహుమానం ప్రకటించినది. ఆ డిసెంబరులోనే నగరంలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. తెలుగు వైభవాన్ని కీర్తించిన ఆ దినాలలో, కూడలిలో చేయి చాపి తెలుగులో అమ్మా అని పిలిచే గొంతుకు చోటు లేకపోయినది.

ఆ ఆశ్రయాలలో అన్నం పెట్టినారు, పక్క ఇచ్చినారు. కాదనడం న్యాయం కాదు. దిక్కులేని కొందరికి అది మేలు కూడా చేసి ఉండవచ్చు. కాని సంకల్పం దయ అయితే అది సదస్సు తేదీలను చూచి బయలుదేరనక్కర లేదు. నిషేధానికి గడువు పెట్టనక్కర లేదు. ఈ రీతి హైదరాబాదుకే పరిమితం కాదు. 2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ రాకకు ముందు అహమ్మదాబాదులో ఒక మురికివాడకు అడ్డంగా గోడ లేపినారు. గోడకు ఇవతల ఊరు అందంగా కనిపించినది, అవతల గుడిసెలు ఉన్నచోటనే ఉన్నవి.

తొలగింపులో నష్టం ఎక్కడున్నదో కూడా గ్రహించాలి. ఫుట్‌పాత్ మనిషికి ఆస్తి అంటే ఒక సంచి. అందులో ఒక గిన్నె, దుప్పటి, పాత మందుల చీటీ, గుర్తింపు కార్డు. హడావుడిగా లారీ ఎక్కించేటప్పుడు ఆ సంచి పోతే అతడు లోకంలో ఎవరో చెప్పే సాక్ష్యం పోయినట్లే. అడ్డాలో అతనిని ఎరిగి పనికి పిలిచే మేస్త్రి దూరమవుతాడు. అప్పిచ్చే టీకొట్టువాడు దూరమవుతాడు. పది దినాల తరువాత తిరిగి వస్తే పూర్వం కంటె ఒక మెట్టు క్రింద మొదలుపెట్టవలెను.

న్యాయస్థానాలు ఈ సంగతిని మెల్లమెల్లగా గుర్తించినవి. 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల వ్యాజ్యంలో, జీవించే హక్కులో బ్రతుకుతెరువు హక్కు కూడా ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు చెప్పినది. నివాసం తొలగిస్తే పని పోతుంది, పని పోతే బ్రతుకు పోతుందన్న సంబంధాన్ని అది అంగీకరించినది. అయినా ఫుట్‌పాత్ మీద ఉండే హక్కును ఇవ్వలేదు. నోటీసు ఇచ్చి తొలగించవచ్చునన్నది. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ నగరంలో యాచనను నేరంగా పరిగణించే సెక్షన్లను కొట్టివేసినది. 2021 జూలైలో వీథులలో యాచకులను అడ్డుకొనవలెనన్న ప్రార్థనను సుప్రీంకోర్టు అంగీకరించలేదు. పేదరికం లేకుంటే ఎవరూ చేయి చాపరని అభిప్రాయపడినది.

2010 జనవరి చలిలో ఢిల్లీ వీథులలో మరణాలు వార్తలకెక్కిన పిదప సుప్రీంకోర్టు మరొక అడుగు వేసినది. పెద్ద పట్టణాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున రాత్రింబగళ్లు తెరచి ఉండే ఆశ్రయం ఉండవలెనన్నది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి పథకం ఈ లెక్కనే స్వీకరించి, ఒక్కొక్క లక్షకు నూరుమందికి చాలే వసతి ఉండాలన్నది. 2011 నాటికే హైదరాబాదు మహానగర పాలక సంస్థ పరిధిలో జనాభా 67 లక్షలు. ఆ లెక్కన 67 ఆశ్రయాలు కావలెను. ఏర్పడినవి అంతకు చాలా తక్కువ.

సంఖ్య ఒక్కటే చాలదు. ఆశ్రయం ఉండి కూడా ఖాళీగా పడి ఉండడానికి కారణాలున్నవి. అది అడ్డాకు దూరమైతే ఎవరూ రారు. సంచి దాచుకొనే తాళపు పెట్టె లేకపోతే దొంగల భయం. ఉదయమే బయటకు పంపితే రాత్రి కాపలా ఉద్యోగం చేసి పగలు నిద్రపోయేవానికి ఉపయోగం లేదు. భార్యాభర్తలను విడదీస్తే కుటుంబాలు ఫుట్‌పాత్‌నే కోరుకొంటవి. ఆసుపత్రుల దగ్గర కట్టిన ఆశ్రయాలు నిండడంలో వింత లేదు. అవసరమున్న చోటనే అవి ఉన్నవి.

ఇతర దేశాలలో కూడా ఈ రెండు దారులూ కనిపిస్తవి. అమెరికాలో ఆరుబయట పడుకొన్నవారికి నగరాలు జరిమానా వేయవచ్చునని ఆ దేశపు సుప్రీంకోర్టు 2024 జూన్‌లో తీర్పు చెప్పినది. జరిమానా కట్టగలిగినవాడు సత్రపు గది తీసుకొనలేడా అన్న ప్రశ్న మిగిలి ఉన్నది. ఫిన్లండు దేశం 2008లో వేరొక దారి పట్టినది. మొదట తాగుడు మాను, మొదట పని చూపు, ఆ పిదప ఇల్లు అన్న వరుసను తిరగవేసి మొదట ఇల్లు అన్నది. తాత్కాలిక ఆశ్రయాలను క్రమంగా అద్దె ఇండ్లుగా మార్చి, మనిషి పేర అద్దె పత్రం వ్రాసి ఇచ్చి, వైద్యం, పని తరువాత చూచినది. అక్కడ నిరాశ్రయుల సంఖ్య ఏండ్ల తరబడి తగ్గినది. ఆ దేశం చిన్నది, సంపన్నమైనది. దాని పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొనలేము. దాని వరుసను మాత్రం నేర్చుకొనవచ్చు. తాళంచెవి చేతిలో ఉన్నవాడు రేపటిని గురించి ఆలోచిస్తాడు.

మన ప్రభుత్వ వ్యవస్థలో కూడా ఈ వివేకం అక్కడక్కడ వెలుగుతున్నది. ఇల్లు లేనివాడు ఓటరుగా పేరు వ్రాయించుకొనడానికి చిరునామా పత్రం చూపనక్కర లేదు. అతడు చెప్పిన చోట నిజంగా పడుకొంటున్నాడో లేదో పోలింగు కేంద్రపు అధికారి రాత్రివేళ పోయి చూడాలని ఎన్నికల సంఘం నియమం. ఓటు కొరకు ఫుట్‌పాత్‌ను చిరునామాగా అంగీకరించే రాజ్యం, రేషను కొరకు, వైద్యం కొరకు ఎందుకు అంగీకరించరాదు?

ఉపాధ్యాయులకు ఇందులో ప్రత్యేకమైన పాత్ర ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వయస్సు పత్రం లేదన్న కారణంతో ఏ బడీ పిల్లవానిని త్రిప్పి పంపరాదు. వంతెన క్రింద నిద్రలేచిన బాలుడు బడి గడప ఎక్కినప్పుడు ఈ నియమం తెలిసిన ఉపాధ్యాయుడు ఒక్కడున్నా వాని దారి మారుతుంది. హైదరాబాదులో కొన్ని ప్రభుత్వ పాఠశాలల భవనాలలో ఖాళీగా ఉన్న గదులను వీథి బాలికలకు వసతి గృహాలుగా ఇచ్చినారు. పగలు పాఠం చెప్పిన గోడలే రాత్రి కాపలా కాస్తున్నవి. దానికి కొత్త స్థలం అక్కరలేకపోయినది. ఉన్న కప్పును పంచుకొనే బుద్ధి చాలినది.

విద్యార్థులు స్టేషను మెట్లమీద పడుకొన్నవానిని చూచినప్పుడు తమలో తాము వేసుకొనదగిన ప్రశ్నలు రెండు. ఇతడు ఏ ఊరి నుండి వచ్చినాడు? రేపు తెల్లవారి ఏ పనికి పోతాడు? ఈ రెంటికీ జవాబు తెలిసిన పట్టణం అతనిని ఎక్కడ దాచవలెనా అని చూడదు, ఎక్కడ నిలుపవలెనా అని చూస్తుంది. నిలువ నీడ అన్నది మన జాతీయం. దాచే నీడ అని తెలుగులో ఎవరూ అనలేదు.